బ్రిటన్ రాజ్యాంగ సంస్కరణలు: దక్కినదెంత? దక్కనిదెంత?

ఉర్దూలో 'దస్తూర్' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి రాజ్యాంగం. రెండవది ఆనవాయితీ. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దలు "మా ఇంటి దస్తూర్ ఇది" అంటే ఎవరూ దానికి కాగితం చూపించమని అడగరు. వినడానికి దీనికి దగ్గరగా ఉండే 'దస్తూరి' అనే మాటకు తెలుగులో చేతిరాత అని అర్థం. బ్రిటన్ రాజ్యాంగం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాకు ఈ మాటలే గుర్తుకు వస్తాయి. ఆ దేశానికి ఆనవాయితీ అనే దస్తూర్ పుష్కలంగా ఉంది. ఒక్కచోట రాసి పెట్టుకున్న దస్తూర్ మాత్రం లేదు. పార్లమెంటు చేసిన చట్టాలు, న్యాయస్థానాల తీర్పులు, తరతరాలుగా పాటిస్తూ వచ్చిన మర్యాదలు – ఇవన్నీ కలిపి రాజ్యాంగం అంటున్నారు. అటువంటి దేశం 1997 నుండి తన రాజ్యాంగాన్ని సంస్కరించుకునే పనిలో పడింది. ఆ ప్రయత్నంలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఈ వారం మా పరిశీలన.

లండన్ సంగతులతో మనకేమిటి పని అని కొందరు పాఠకులు అడగవచ్చు. ఒక్క ఉదంతం చెబుతాము. బ్రిటిష్ పాలనలో మన కోస్తా, రాయలసీమ జిల్లాల దావాలు మద్రాసు హైకోర్టు దాటి పైకి వెళితే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు చేరేవి. 1949 దాకా ఇదే పద్ధతి. ఆ ప్రీవీ కౌన్సిల్ 1894లో బెంగాల్ నుండి వచ్చిన ఒక దావాలో, సొంత సంతానం కోసం చేసే వక్ఫ్ చెల్లదని తీర్పు చెప్పింది. వక్ఫ్ అలల్ ఔలాద్ షరీఅత్‌లో ఎంత పాతదో ఆ ధర్మాసనం పట్టించుకోలేదు. ఆ దెబ్బను సరిచేయడానికి 1913లో ప్రత్యేకంగా చట్టం తేవలసి వచ్చింది. వేల మైళ్ళ దూరాన ఎవరు న్యాయపీఠం మీద కూర్చున్నారన్నది ఇక్కడి ముస్లిం కుటుంబాల ఆస్తిపాస్తులను తారుమారు చేసిందన్న మాట. ఇప్పుడు ఆ సంబంధం తెగిపోయింది నిజమే. కాని మన పిల్లలు వేల సంఖ్యలో అక్కడికి వెళ్ళి చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, ఇళ్ళు కొనుక్కుంటున్నారు.

1997 మే ఎన్నికల్లో, పద్దెనిమిదేళ్ళ కన్సర్వేటివ్ పాలన తరువాత, టోనీ బ్లెయిర్ నాయకత్వంలో లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చింది. ఆ తరువాతి కొన్నేళ్ళలో జరిగినన్ని రాజ్యాంగ మార్పులు అంతకు ముందు వందేళ్ళలో జరగలేదంటే అతిశయోక్తి కాదు. ఈ మార్పుల్లో అన్నింటికంటే గట్టిగా వేళ్ళూనుకున్నది అధికార వికేంద్రీకరణ అని మా అభిప్రాయం.

1997 సెప్టెంబరులో స్కాట్లాండ్ ప్రజలను మీకు ప్రత్యేక పార్లమెంటు కావాలా అని అడిగితే, ఓటు వేసిన వారిలో 74 శాతం మంది కావాలన్నారు. వారం తరువాత వేల్స్‌లో అడిగితే 50.3 శాతం మంది మాత్రమే ఔనన్నారు. తేడా ఏడు వేల ఓట్లు కూడా లేదు. రెండు సభలూ 1999లో పని ప్రారంభించాయి. అంత బొటాబొటీగా పుట్టిన వేల్స్ సభను తరువాత ఎవరూ రద్దు చేయలేకపోయారు సరికదా, 2011లో దాని అధికారాలు పెంచాలా అని మళ్ళీ అడిగితే 63 శాతానికి పైగా ఔనన్నారు. మొదట్లో ఈ సభలను గట్టిగా వ్యతిరేకించిన కన్సర్వేటివ్‌లే తరువాత వాటిలో కూర్చున్నారు. అధికారం ఒకసారి ప్రజల గుమ్మానికి దగ్గరగా వస్తే దాన్ని వెనక్కు తీసుకుపోవడం ఎవరికీ సులువు కాదు. వేల్స్ సభ 2011లో వెల్ష్ భాషకు అధికార హోదా కల్పించింది. ఉర్దూ చదువుకున్నవారిగా ఈ సంగతి మమ్మల్ని ప్రత్యేకంగా ఆకర్షించింది. కార్యాలయం బోర్డు మీద మూడవ వరుసలో భాష కనిపించడం వేరు, ఆ భాషలో అర్జీ పెట్టుకుంటే జవాబు రావడం వేరు.

స్కాట్లాండ్ సభ వల్ల మరొక విచిత్రం జరిగింది. పాకిస్తాన్ నుండి వలస వెళ్ళిన కుటుంబంలో గ్లాస్గోలో పుట్టిన హమ్జా యూసఫ్ 2011లో ఆ సభకు ఎన్నికై, ఇంగ్లీషుతో పాటు ఉర్దూలోనూ ప్రమాణం చేశారు. 2023 మార్చిలో స్కాట్లాండ్ ప్రథమ మంత్రి అయ్యారు. అది రంజాన్ మాసం. అధికార నివాసంలో మొదటి రోజు ఉపవాసం విరమించి, ఇంటివారికి ఇమామత్ చేసి నమాజు చదివించారు. ఏడాది తిరిగాక 2024లో సంకీర్ణం చెడి పదవి వదులుకున్నారు. ఆయన పాలన బాగుందా లేదా అన్నది వేరే చర్చ. లండన్ పార్లమెంటు ఒక్కటే ఉన్న రోజుల్లో ఆ దారి తెరుచుకునేది కాదు.

ఉత్తర ఐర్లాండ్ సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందం ముప్ఫై ఏళ్ళ రక్తపాతాన్ని చాలామటుకు ఆపింది. ఆ ఒప్పందంతో ఏర్పడిన ఉమ్మడి ప్రభుత్వం మాత్రం 2002 నుండి 2007 వరకు ఒకసారి, 2017 నుండి 2020 వరకు ఒకసారి, 2022 నుండి 2024 వరకు మరొకసారి మూతపడింది. రెండు వర్గాలూ కలిస్తేనే కదిలే బండి అది. ఒక ఎద్దు పడుకుంటే బండి ఆగిపోతుంది. అయినా తుపాకులు మూగబోవడమే ఆ నేలకు పెద్ద వరమని మేము భావిస్తున్నాము.

ఈ వికేంద్రీకరణకు పునాది ఎంత గట్టిది? స్కాట్లాండ్‌కు అప్పగించిన విషయాల్లో దాని సమ్మతి లేకుండా లండన్ పార్లమెంటు మామూలుగా చట్టం చేయదన్నది ఒక ఆనవాయితీ. 2016లో ఈ ఆనవాయితీని చట్టంలో రాశారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఐరోపా కూటమి నుండి బయటికి వెళ్ళే వ్యవహారం సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, 2017 జనవరిలో న్యాయమూర్తులు ఏమన్నారంటే, ఇది చట్టంలో రాసి ఉన్నా రాజకీయ మర్యాదే తప్ప కోర్టులు అమలు చేయించగల హక్కు కాదన్నారు. 2018లో స్కాట్లాండ్ సభ సమ్మతి నిరాకరించింది. లండన్ తన చట్టాన్ని తాను చేసుకుపోయింది. 'మామూలుగా' అన్న ఒక్క మాటలో ఎంత చోటు ఉందో చూడండి! 2022 నవంబరులో అదే కోర్టు, స్వాతంత్ర్యం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిపే అధికారం స్కాట్లాండ్ సభకు లేదని ఏకగ్రీవంగా తేల్చింది.

ఇక ప్రభువుల సభ. ఇక్కడ వైఫల్యం నవ్వు పుట్టించే స్థాయికి చేరింది. తాతముత్తాతల నుండి బిరుదు వచ్చిందన్న ఒకే అర్హతతో చట్టసభలో కూర్చునే వారిని 1999లో ఆరువందల మందికి పైగా ఇంటికి పంపారు. బిల్లు గట్టెక్కడానికి చేసుకున్న ఒప్పందం ప్రకారం 92 మందిని మాత్రం తాత్కాలికంగా ఉంచారు. వారిలో ఎవరైనా చనిపోతే ఆ స్థానానికి ఉప ఎన్నిక జరిగేది. 2016లో లిబరల్ డెమోక్రాట్ వర్గంలో అటువంటి ఖాళీ ఏర్పడితే ఏడుగురు అభ్యర్థులు పోటీ చేశారు. ఓటర్లు ఎందరనుకున్నారు? ముగ్గురు! మూడు ఓట్లూ ఒకరికే పడ్డాయి. మా బడిలో తరగతి నాయకుణ్ణి ఎన్నుకునేటప్పుడు కూడా ఇంతకంటే ఎక్కువ ఓట్లు పోలవుతాయి.

సంస్కరణ రెండవ అంచె ఇదిగో అదిగో అంటూ సాగింది. 2003లో దిగువ సభ ముందు పలు ప్రత్యామ్నాయాలు పెడితే దేనికీ మెజారిటీ రాలేదు. 2012లో ఎక్కువమంది సభ్యులను ఎన్నుకునే బిల్లు తెచ్చి మధ్యలోనే వదిలేశారు. మిగిలిన వంశపారంపర్య సభ్యులను తొలగించే బిల్లును 2024 సెప్టెంబరులో కొత్త లేబర్ ప్రభుత్వం ప్రవేశపెట్టింది. అంటే తాత్కాలికం అన్నది పాతికేళ్ళు నడిచింది. పైగా ఇంగ్లండు చర్చికి చెందిన 26 మంది బిషప్పులకు ఆ సభలో పదవి రీత్యా స్థానాలున్న సంగతిని ఈ సంస్కరణలు తాకనే లేదు. మరే మతానికీ, క్రైస్తవంలోనే మరే శాఖకూ ఈ హక్కు లేదు. 1998లో పోలా ఉద్దీన్ తొలి ముస్లిం మహిళగా ఆ సభలో అడుగుపెట్టారు. అది ప్రధాని నామినేషన్ వల్ల దక్కినదే తప్ప హక్కుగా దక్కింది కాదు.

ఇంతవరకు చదివిన పాఠకుడు ఆ సభను పూర్తిగా ఎత్తివేస్తే పోలేదా అనుకుంటాడు. మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాము. అలా అనుకోవడానికి అడ్డుపడే సంగతి ఒకటి ఉంది. అది చెప్పాలంటే ముందుగా మానవ హక్కుల చట్టం గురించి చెప్పాలి.

ఐరోపా మానవ హక్కుల ఒడంబడికను బ్రిటన్ చట్టంలో భాగం చేస్తూ 1998లో ఈ చట్టం చేశారు. 2000 అక్టోబరు 2 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు హక్కు కోల్పోయిన మనిషి ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ దాకా వెళ్ళవలసి వచ్చేది. ఈ చట్టం వచ్చాక తన ఊరి కోర్టులోనే అడగవచ్చు. ఏడాది తిరగకుండానే న్యూయార్క్ దాడులు జరిగాయి. 2001 డిసెంబరులో బ్రిటన్ ఒక కొత్త చట్టం చేసింది. ఉగ్రవాదులన్న అనుమానం ఉన్న విదేశీయులను, స్వదేశానికి పంపడం సాధ్యం కాకపోతే, విచారణ లేకుండా ఎంతకాలమైనా నిర్బంధించవచ్చన్నది దాని సారాంశం. అలా పట్టుకున్నవారిని ప్రధానంగా లండన్‌లోని బెల్‌మార్ష్ జైలులో ఉంచారు. వీరిలో ఎక్కువమంది ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల నుండి వచ్చిన ముస్లింలు. నేరారోపణ లేదు, సాక్ష్యం చూపించరు, విడుదల తేదీ లేదు.

2004 డిసెంబరు 16న అత్యున్నత న్యాయపీఠం దీనిపై తీర్పు చెప్పింది. తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో ఎనిమిది మంది ఈ నిర్బంధం మానవ హక్కులకు విరుద్ధమన్నారు. వారి తర్కం సూటిగా ఉంది. అటువంటి అనుమానమే బ్రిటిష్ పౌరుడి మీద ఉంటే అతణ్ణి విచారణ లేకుండా జైల్లో పెట్టడం లేదు. మరి విదేశీయుణ్ణి మాత్రం ఎందుకు పెడుతున్నారు? ముప్పు ఇద్దరి నుండీ ఒకటే అయినప్పుడు పాస్‌పోర్టును బట్టి స్వేచ్ఛ మారడం వివక్ష అన్నారు. ద్వేషం ఉన్నవారి విషయంలో సైతం న్యాయం తప్పరాదన్న ఆదేశం మాయిదా సూరాలో ఉంది. ఆ ఆదేశాన్ని చదివిన మేము, దేశమంతా భయంతో ఊగిపోతున్న రోజుల్లో వచ్చిన ఈ తీర్పును మెచ్చుకోకుండా ఉండలేము. ఎవరు చెప్పారన్నది కాదు, ఏమి చెప్పారన్నది చూడాలి.

తీర్పు వచ్చిన మర్నాడు జైలు తలుపులు తెరుచుకున్నాయా? లేదు. ఇక్కడే ఆ చట్టంలోని లోపం బయటపడుతుంది. మన దేశంలో ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టివేయగలదు. 1973 నాటి కేశవానంద భారతి తీర్పు తరువాత రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు సైతం లేదు. బ్రిటన్‌లో పార్లమెంటు చట్టాన్ని కోర్టు కొట్టివేయలేదు. హక్కులకు పొసగదని ప్రకటించగలదు, అంతే. సరిదిద్దుకోవడమా మానడమా అన్నది పార్లమెంటు ఇష్టం. బెల్‌మార్ష్ నిర్బంధితుల్లో పలువురు మరో మూడు నెలలు లోపలే ఉన్నారు. 2005 మార్చిలో పాత అధికారం పోయి 'నియంత్రణ ఉత్తర్వులు' అనే కొత్త పద్ధతి వచ్చింది. ఇంటి నుండి కదలరాదు, ఫలానా వారితో మాట్లాడరాదు, ఫోను వాడరాదు వంటి షరతులన్న మాట. జైలు గోడలు ఇంటి గోడలయ్యాయి. అయినా ఈ ప్రకటనలు వట్టి కాగితాలని మేము అనము. నిర్లక్ష్యం చేయడానికి ప్రభుత్వాలు సిగ్గుపడుతూ వచ్చాయి. ఆ చట్టం మొత్తం సిగ్గు మీద ఆధారపడి నడుస్తోంది. 2022లో ఒక ప్రభుత్వం దాన్నే తీసివేసి మరొకటి పెట్టడానికి బిల్లు తెచ్చి, 2023లో వెనక్కు తీసుకుంది.

ఇప్పుడు ప్రభువుల సభ దగ్గరికి తిరిగి వద్దాం. 2005 జులై లండన్ బాంబు పేలుళ్ళ తరువాత, నేరారోపణ లేకుండా అనుమానితుణ్ణి పోలీసులు 90 రోజులు ఉంచుకోవచ్చని బ్లెయిర్ ప్రతిపాదించారు. దిగువ సభ 291కి 322 ఓట్లతో తిరస్కరించి 28 రోజులకు ఒప్పుకుంది. 2008లో గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం 42 రోజులు కావాలంది. ప్రజలు ఎన్నుకున్న దిగువ సభ ఈసారి తొమ్మిది ఓట్ల తేడాతో సరేనంది. ఎవరూ ఎన్నుకోని ప్రభువుల సభ 118కి 309 ఓట్లతో దాన్ని తోసిపుచ్చింది. ప్రభుత్వం మళ్ళీ పట్టుపట్టలేదు. 2011లో గడువు 14 రోజులకు దిగింది. అర్ధరాత్రి తలుపు తట్టించుకునే భయంతో బతికిన కుటుంబాలకు ఆ 309 ఓట్లు ఏమిటో తెలుసు. వాటిని వేసినవారిలో వంశపారంపర్య ప్రభువులూ ఉన్నారు, నామినేటెడ్ సభ్యులూ ఉన్నారు. మళ్ళీ ఓట్లు అడగవలసిన అవసరం లేనివాడు జనం ఆగ్రహానికి జంకడు. ఈ కారణంగా ప్రభువుల సభను అలాగే ఉంచాలని మేము అనడం లేదు. ఎన్నిక ద్వారా వచ్చి, కోపం చల్లారేదాకా ఆలోచించగలిగిన రెండవ సభను ఎలా నిర్మించాలన్న ప్రశ్నకు ఆ దేశం ఇంతవరకు జవాబు కనుక్కోలేదని మాత్రం అంటున్నాము. ఖుర్ఆన్‌లో ఒక సూరాకే 'షూరా' అని పేరుంది. సంప్రదింపు అంటే చేతులు లెక్కపెట్టడం మాత్రమే కాదని మా ఉస్తాదులు చెప్పేవారు.

న్యాయవ్యవస్థలో జరిగిన మార్పును విజయం కిందనే లెక్కవేయాలి. ఇంతకు ముందు బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం ప్రభువుల సభలోనే ఒక భాగం. లార్డ్ చాన్స్‌లర్ అనే పెద్దమనిషి ఏకకాలంలో మంత్రి, న్యాయవ్యవస్థకు అధిపతి, ఎగువ సభకు స్పీకర్! 2005 చట్టం ఈ ముడి విప్పింది. 2009 అక్టోబరులో పన్నెండు న్యాయమూర్తి స్థానాలతో సుప్రీంకోర్టు వేరే భవనంలో మొదలైంది. పదేళ్ళకు దాని అవసరం ఏమిటో తెలిసింది. ఐరోపా కూటమి నుండి వైదొలగే గడువు దగ్గర పడుతుండగా, ప్రధాని బోరిస్ జాన్సన్ సలహా మీద పార్లమెంటును అయిదు వారాలు మూసివేశారు. 2019 సెప్టెంబరు 24న పదకొండు మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది చట్టవిరుద్ధమన్నారు. మర్నాడే సభ తెరుచుకుంది. హజ్రత్ అలీ (రజి) ఖలీఫాగా ఉండగా, ఒక కవచం విషయంలో ఖాజీ షురైహ్ ముందు నిలబడి, తగిన సాక్ష్యం లేక దావా ఓడిపోయిన ఉదంతం మదర్సా పిల్లలందరికీ తెలిసినదే. ఏలికను ఓడించగల ఖాజీ ఉన్నప్పుడే ఖజా అన్న మాటకు అర్థం.

అయితే ఓడిన ఏలిక ఊరుకోడు. 2022 చట్టంతో పార్లమెంటు రద్దు విషయంలో కోర్టులు తలదూర్చరాదని రాసుకున్నారు. 2023 నవంబరులో శరణార్థులను రువాండాకు పంపే పథకాన్ని, అది వారికి సురక్షిత దేశం కాదన్న కారణంతో సుప్రీంకోర్టు ఆపింది. 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు ఏమి చేసిందో చూడండి: రువాండా సురక్షిత దేశమని చట్టం చేసింది! ఒక దేశం సురక్షితమా కాదా అన్నది విచారించి తెలుసుకునే విషయం. ఓట్లతో తేల్చేది కాదు. అదే ఏడాది జులైలో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ పథకాన్ని వదిలేసింది. కోర్టు తీర్పును ఇలా తిరగరాసే వీలు మాత్రం అలాగే ఉంది.

మిగిలిన వాటి గురించి రెండు మాటలు. 2005లో అమలులోకి వచ్చిన సమాచార చట్టం పార్లమెంటు సభ్యుల దొంగ ఖర్చుల బాగోతం 2009లో బయటపడడానికి బాట వేసింది. దాన్ని తెచ్చినందుకు బ్లెయిర్ తన ఆత్మకథలో తనను తానే తిట్టుకున్నారు. ఇంతకంటే మంచి కితాబు ఆ చట్టానికి అక్కర లేదు. లండన్‌కు 2000లో ఎన్నికైన మేయరు వచ్చారు, 2016 నుండి ఆ పదవిలో బస్సు డ్రైవరు కొడుకు సాదిక్ ఖాన్ గెలుస్తూ వచ్చారు. పార్లమెంటుకు అయిదేళ్ళ కాలపరిమితి నిర్ణయిస్తూ 2011లో చేసిన చట్టాన్ని 2022లో రద్దు చేసుకున్నారు. ఎన్నికల విధానం మార్చాలన్న ప్రతిపాదనను 2011లో దాదాపు 68 శాతం ఓటర్లు తోసిపుచ్చారు. ఫలితం 2024లో కనిపించింది. 33.7 శాతం ఓట్లతో లేబర్ పార్టీకి 650లో 411 స్థానాలు దక్కాయి. అయితే ఆ ఎన్నికల్లోనే గాజా విషయంలో ఆగ్రహించిన ముస్లిం ఓటర్లు గణనీయంగా ఉన్న నాలుగు చోట్ల స్వతంత్ర ముస్లిం అభ్యర్థులు లేబర్ అభ్యర్థులను ఓడించారు. ఒకేచోట గుమిగూడిన అల్పసంఖ్యాకులకు ఈ పాత పద్ధతిలోనే గొంతు దక్కిందన్న మాట. ఇది ఎన్నికల సంస్కరణ కోరే మాలాంటి వారిని కాస్త తికమక పెట్టే సంగతి.

మన పిల్లల విషయం ప్రస్తావించాము. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే కామన్వెల్త్ దేశాల పౌరులకు అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. అంటే హైదరాబాదు నుండో గుంటూరు నుండో చదువుకు వెళ్ళిన విద్యార్థి, భారతీయ పాస్‌పోర్టుతోనే, పేరు నమోదు చేయించుకుని ఓటు వేయవచ్చు. ఐరోపా కూటమిపై 2016లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఫ్రాన్సు, జర్మనీ పౌరులకు లేని ఓటు మనవారికి ఉంది. ఈ సంగతి తెలియక ఊరుకున్నవారు చాలామంది. అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు ఈ వారం ఫోనులో మాట్లాడేటప్పుడు, ఓటర్ల జాబితాలో పేరుందా అని ఒకసారి అడగండి. పోలింగు కేంద్రంలో ఫోటో ఉన్న గుర్తింపు చూపాలన్న నిబంధన 2022 చట్టంతో వచ్చిందని కూడా చెప్పండి. ఆ ఓటు హక్కు సైతం ఏ రాజ్యాంగంలోనూ లేదు. 1983 నాటి ఒక మామూలు చట్టంలో ఉంది. మామూలు మెజారిటీతో ఏ పార్లమెంటు అయినా దాన్ని మార్చవచ్చు.